పాటలమ్మాయి మార్చిన తేదీ

ముంబయిలో జరగాల్సిన పాటకచేరీ పద్దెనిమిది రోజులు వాయిదా పడిందని మా మనవరాలి ఫోనుకు మెసేజి వచ్చినప్పుడు నేను వరండాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాను. గదిలోంచి పిల్ల ఒక్క కేక పెట్టింది. ఏ తేలో కుట్టిందనుకుని ఆ చేతులతోనే పరుగెత్తాను. మంచం మీద బోర్లా పడి ఏడుస్తోంది. ఫోను దిండు పక్కన వెలుగుతోంది.

"ఏమైందే?"

"షో పోస్ట్‌పోన్ చేశారు మామ్మా."

"ఎందుకట?"

ముక్కు తుడుచుకుని చదివింది. ఇంగ్లీషులో మూడే వాక్యాలు. అనివార్య కారణాల వల్ల తేదీ మార్చాం. మీ టికెట్టు కొత్త తేదీకి చెల్లుతుంది. మీ సహనానికి కృతజ్ఞతలు.

"సహనమా? నేను సహిస్తానని వాళ్ళతో ఎవరన్నారు?" అన్నాను.

"టికెట్టు నాది మామ్మా."

"నిన్ను పంపడానికి ఒప్పుకున్నది నేను."

అది నిజం. ఆ పిల్ల ముంబయి వెళ్ళడానికి ఇంట్లో అందరికంటే ఆఖరున ఒప్పుకున్నది నేనే. అందరికంటే ఎక్కువ అడ్డుపడింది కూడా నేనే. ఏలూరులో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాం. అబ్బాయి ఆకివీడు దగ్గరున్న మా చేపల చెరువు చూసుకుంటాడు. కోడలు ఆసుపత్రిలో నర్సు. మనవరాలు డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఆ పాడే అమ్మాయి ఏ దేశానిదో నాకు నోరు తిరగదు. ప్రపంచమంతా తిరుగుతూ ఊరికొక సాయంత్రం పాడుతుందట, మన దేశంలో ఒక్క ముంబయిలోనేనట. ఫోనులో చూపించింది. వంటి నిండా అద్దం ముక్కలు కుట్టిన గౌను, వెనకాల మంటలు, ముందు సముద్రంలా జనం. "గొంతు బాగానే ఉంది, మంటలెందుకు?" అని అడిగాను. పిల్ల నవ్వింది.

వద్దనడానికి నాకు చాలా కారణాలున్నాయి. పాట రేడియోలో వస్తుంది, టీవీలో వస్తుంది, ఊరికే వస్తుంది. ఒక్క సాయంత్రం కోసం రాత్రీ పగలూ రైల్లో కూర్చుని పోవడం ఏమిటి? కానీ ఆ టికెట్టు పిల్ల ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా కొనుక్కుంది. ఏడాదిపాటు సాయంత్రాలు మా వీధి పిల్లలకి లెక్కలు చెప్పి కూడబెట్టుకుంది. టికెట్లు అమ్మిన రోజున పొద్దున్నించి ఫోను ముందు పెట్టుకుని, మంచినీళ్ళకి కూడా లేవకుండా కూర్చుంది. క్యూలో ఉన్నానంది. ఇంట్లో కూర్చుని క్యూ ఏమిటో నాకర్థం కాలేదు గాని, నిలబడినవాళ్ళ ఆరాటం ముఖంలో కనిపించింది. టికెట్టు దొరికాక నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. కష్టపడి సంపాదించుకున్నదాన్ని కాదనడం నా వల్ల కాలేదు. ఒక్క షరతు పెట్టాను. వాళ్ళ నాన్న కూడా వెళ్ళాలి, హాలు బయట నిలబడాలి, మళ్ళీ ఇంటికి తీసుకురావాలి. అందరూ సరేనన్నారు. ఇద్దరికీ రైలు టికెట్లు అయ్యాయి. నేను చేగోడీలకి బియ్యప్పిండి పట్టించాను.

ఇంతలో ఈ మూడు వాక్యాలు.

నన్ను అన్నిటికంటే మండించింది ఆ 'అనివార్య కారణాలు'. అనివార్యమంటే ఏమిటో నాకు తెలుసు. పదహారేళ్ళకి కాపురానికి వచ్చిన దగ్గర్నించి కొల్లేరు పక్కన బతికినదాన్ని. చేతికొచ్చిన చెరువు మీదికి వరద ఎక్కి గట్టు తెగితే అది అనివార్యం. మబ్బు పట్టిన పొద్దున గాలి ఆడక చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్ళు తెరిస్తే అది అనివార్యం. అలాంటివి వచ్చినప్పుడు మేం ఎవరి దగ్గరా దాచలేదు. గట్టు తెగిందన్నాం, చేప తేలిందన్నాం. కారణం ఉన్నవాడు కారణం చెబుతాడు. గొంతు పోయిందా, జ్వరమా, తల్లికి బాగాలేదా? ఏదో ఒకటి చెబితే అయ్యో అనేవాళ్ళం, నేను ముందు అనేదాన్ని. పేరు లేని కారణానికి అయ్యో ఎలా అంటాం?

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. మా నాన్నకి మార్కెట్టు దగ్గర చిన్న కిరాణా కొట్టు. ఐదో తరగతితో నా చదువు మానిపించి కొట్లో కూర్చోబెట్టారు. ఒకసారి ఊళ్ళోకి నాటకం వాళ్ళు వచ్చారు. పందిరి వేశారు, చాపలు పరిచారు, జనం చుట్టుపక్కల ఊళ్ళనించి బళ్ళు కట్టుకుని వచ్చేశారు. సరిగ్గా మొదలుపెట్టే వేళకి రాజు వేషగాడికి గొంతు పూడుకుపోయింది. కంపెనీ యజమాని పక్కదారిన జారుకోలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని పందిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "బాబూ, మా రాజుగారికి మాట రావడం లేదు, ఈ రోజుకి క్షమించాలి" అన్నాడు. జనం తిట్టారు. మా నాన్న కూడా తిట్టాడు. అందరూ తిట్టి అలసిపోయేదాకా కదలకుండా నిలబడి, ఆ తరవాత తనే రెండు పద్యాలు పాడాడు. పరమ ఘోరంగా పాడాడు. జనం నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు, మూడో రోజున మళ్ళీ వచ్చారు. ఆ మనిషి మొహం నాకిప్పటికీ గుర్తుంది. ఇప్పుడు నేనెవరి మొహం గుర్తుపెట్టుకోవాలి?

ఇదంతా రెండు రోజులు ఇంట్లో వినిపించాను. మూడో రోజు మా అబ్బాయి గోడమీది క్యాలెండరు ముందు నిలబడి, "అమ్మా, ఆ కొత్త తేదీ చూశావా?" అన్నాడు.

చూశాను. ఆ రోజు మా చెరువు పట్టుబడి.

పట్టుబడి అంటే వల లాగి చెరువులో చేపంతా పట్టి లారీలకెత్తే రోజు. ఏడాది కష్టం ఆ ఒక్క పూటలో ఒడ్డుకొస్తుంది. అది చెయ్యడానికి వల జట్లు ఉంటాయి, జట్టుకో మేస్త్రి ఉంటాడు. సీజనులో మేస్త్రి దొరకడం మంత్రి దొరికినంత పని. అందుకే నెల ముందే ఇంటికి పిలిచి, ఆకూ వక్కా చేతిలో పెట్టి రోజు చెబుతాం. మా మేస్త్రికి ఆ ఆకూ వక్కా పెట్టింది నేను. పాటకచేరీ అయిపోయి, అబ్బాయి తిరిగొచ్చి, ఇంకా రెండు వారాలు తెరిపి ఉండేలా లెక్కకట్టి మరీ చెప్పాను. ఆ పాటలమ్మాయి ప్రపంచంలో ఇన్ని రోజులుండగా వచ్చి వచ్చి నేను ఎంచిన రోజు మీదే కూర్చుంది.

"పట్టుబడికి నేను లేకపోతే కుదరదమ్మా," అన్నాడు అబ్బాయి. "ఐసు, లారీలు, ట్రేలు, కాటా దగ్గర మనిషి. నువ్వేమో గట్టెక్కకూడదు." కిందటేడు గట్టు మీద జారి నడుం పట్టేసినప్పటినించి నన్ను చెరువు దగ్గరికి రానివ్వడం లేదు. కోడలికి ఆసుపత్రిలో సెలవు ఇవ్వనన్నారు. పిల్లని ఒంటరిగా అంత దూరం పంపడానికి నేను ఒప్పుకోను.

పిల్ల ఈసారి ఏడవలేదు. అన్నం కలుపుకుంటూ తలెత్తకుండా, "నా ఫ్రెండ్‌కి ఇచ్చేస్తాలే మామ్మా టికెట్టు. దానికి చాలా ఇష్టం" అంది.

"నీకు ఇష్టం లేదా?"

"నా ఇష్టానికేం. ఆవిడ మళ్ళీ మన దేశం వస్తుందో రాదో. అంతే."

ఏడిస్తే కసిరేదాన్ని. ఆ నిదానం నన్ను అన్నం తిననివ్వలేదు. ఏడాదిపాటు గుణకారాలు చెప్పిన పిల్ల, తప్పు ఎవరిదో అయితే తను సర్దుకుంటోంది. పెరుగన్నం పూర్తికాకుండానే నేను నిర్ణయించుకున్నాను. పట్టుబడి రోజు మార్చాలి.

"ఫోను చేసి చెప్పేద్దామా మేస్త్రికి?" అన్నాడు అబ్బాయి.

"ఫోనా? ఆకూ వక్కా ఫోనులో పెట్టానా?" అన్నాను.

మా చెరువుల మీద ఒక కట్టుబాటు ఉంది. చెప్పిన రోజు మార్చాలంటే మార్చేవాడు స్వయంగా వెళ్ళి మొహం చూపించాలి. అవతలివాడు పెట్టే చీవాట్లన్నీ నిలబడి వినాలి. కొత్త రోజు అడగడం ఆ తరవాతే. అది రాసిపెట్టినది కాదు, అయినా ఎవరూ తప్పరు. పిల్లని కూడా రమ్మన్నాను. "తేదీ మార్చడమంటే ఏమిటో చూద్దువుగాని, పద."

మర్నాడు పొద్దున్నే బస్సులో ఆకివీడు, అక్కణ్ణించి షేరు ఆటోలో మేస్త్రి ఊరు. రోడ్డుకి అటూ ఇటూ చెరువులే. నీళ్ళల్లో పాతిన కర్రలకి చేపల మేతకని తవుడు బస్తాలు వేలాడుతున్నాయి. మేస్త్రి ఇంటి ముందు వల ఆరేసి ఉంది. ఆయన కూర్చుని చిరుగులు అల్లుతున్నాడు, భార్య దారం అందిస్తోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు.

"ఏంటండమ్మగారూ, మీరొచ్చారు? కబురంపితే నేనొద్దును కదండీ!"

"రోజు మార్చమని అడగడానికి వచ్చాను మేస్త్రీ. కూర్చోను. నిలబడే అడుగుతాను."

ఆయన చేతిలో దారం వదిలేశాడు. మొహంలో నవ్వు వస్తోంది, ఆపుకుంటున్నాడు.

"మీరాండీ? రోజు మార్చమని మీరు అడగడమాండీ?"

"నేనే."

"అయ్యగారున్నప్పుడు ఓసారి మా జట్టులో నలుగురికి జొరాలొచ్చి ఒక్క రోజు ఆలస్యమయ్యామండి. గట్టు మీద ఎండలో నన్ను నిలబెట్టి మీరేమన్నారో గుర్తుందాండి?"

గుర్తుంది. పట్టుబడికని మేత ఆపేసిన చేప ఆకలితో కొట్టుకుంటుంటే మీకు జ్వరాలేమిటయ్యా అన్నాను. ఇంకా చాలా అన్నాను. మా ఆయన వారించినా ఆగలేదు.

"గుర్తుంది," అన్నాను.

"నోటిమాట నీటిమూట కాకూడదు మేస్త్రీ అన్నారండి. నా వయసు మనిషి, అంతమందిలో... తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదండి ఆ రోజు."

"ఊరుకోండి, పెద్దావిణ్ణి పట్టుకుని," అంది ఆయన భార్య.

"ఆయన్ని అననీ అమ్మా," అన్నాను. "వినడానికే వచ్చాను."

మనవరాలు నా వెనకాల బిగుసుకుపోయి నిలబడింది. ఆ పిల్ల ఎదుట నన్ను ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు చెవులు కాలాయి. అయినా ఎండలోంచి నీడలోకి జరగలేదు. ఆయన మనసులో ఇన్నేళ్ళుగా ఉన్నది మొత్తం దించుకున్నాక భార్య మజ్జిగ తెచ్చింది. అప్పుడు కూర్చున్నాను.

"కారణమేంటండి? ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

అనివార్యం అనేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను. సిగ్గుపడి నిజం చెప్పాను. "పాట. ముంబయిలో పాట. మా మనవరాలు వినాలి, వాళ్ళ నాన్న తీసుకెళ్ళాలి."

"పాటకాండీ?" భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే అన్నారు.

పిల్ల నా మీద జాలితో ముందుకొచ్చి, ఆ పాడే అమ్మాయి ముందు వేరే రోజు చెప్పి తరవాత మార్చిందనీ, ఆ కొత్త రోజు పట్టుబడి మీద పడిందనీ వివరించింది. ఫోనులో పాట కూడా వినిపించింది. మేస్త్రి భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. "ఏంటమ్మా, ఎవరో తరుముతున్నట్టు పాడుతోంది! మా జట్టు వల లాగేప్పుడు పాడేది ఇంతకంటే నయం," అంది. పిల్లకి కూడా నవ్వొచ్చింది.

మేస్త్రి నవ్వలేదు. "అమ్మగారూ, కోపం చేసుకోకండి. మీ తరవాతి రోజు కైకలూరు వాళ్ళకి ఆకూ వక్కా తీసుకున్నానండి. ముందు రోజు ఇంకొకళ్ళకి. వారం పది రోజులు సందు లేదండి. మీకోసం వాళ్ళ రోజు మారిస్తే, వాళ్ళు ఇంకెవరి రోజో మార్చాలండి. ఎవత్తో పాడే ఆవిడ రోజు మార్చుకుందని కొల్లేరంతా మార్చుకోవాలాండీ?"

నా ఇంట్లో రెండు రోజులుగా నేను అరిచిన అరుపే ఆయన మెల్లగా, అండీ పెట్టి, నాకు అప్పజెప్పాడు. పోనీ పది రోజులు ఆపుదామంటే ఎండలు ముదురుతున్నాయి, చెరువులో నీరు తగ్గుతోంది, అంత చేపని అంత నీటిలో ఉంచడం ప్రాణాలతో ఆట. లేచి నిలబడ్డాను.

"సరే మేస్త్రీ. చెప్పిన రోజునే రా."

"ఆయ్. తెల్లారేసరికి గట్టు మీదుంటామండి."

తిరుగు బస్సులో పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. "సారీ మామ్మా, నా వల్ల ఆయనచేత మాట పడ్డావు," అంది.

"నీ వల్ల కాదు. నా నోటి వల్ల. నువ్వు ముంబయి వెళుతున్నావు."

"ఎలా?"

"మీ నాన్నతో. పట్టుబడికి నేను నిలబడతాను."

ఇంటికి రాగానే అబ్బాయి గొడవ మొదలుపెట్టాడు. నడుం అన్నాడు, ఎండ అన్నాడు, జారితే అన్నాడు. "గట్టు మీద కుర్చీ వేయించు, గొడుగు కట్టించు. కాటా దగ్గర నేను నిలబడ్డ రోజుల్లో నువ్వు లాగూ తొడుక్కోవడం రాని వాడివి," అన్నాను. కోడలు వంటింట్లోంచి, "అత్తయ్యగారు ఒకసారి అన్నాక ఇంకేముందండీ, మీరు రైలు టికెట్లు చూడండి," అంది. ఆ పాత టికెట్లు వదులుకోవలసి వచ్చింది. కొత్తవి వెయిటింగులో పడి, బయలుదేరేముందు గాని ఖాయం కాలేదు. దానికీ అనివార్య కారణాలవాళ్ళు మాకేమీ చెప్పలేదు.

రైలెక్కించి వచ్చిన దగ్గర్నించి నాకు పట్టుబడి దిగులు లేదు, ఒకటే భయం. మళ్ళీ మూడు వాక్యాలు వస్తే? పిల్ల సగం దారిలో ఉండగా, ఏ షోలాపూరు దగ్గరో ఉండగా, ఆవిడ మళ్ళీ మార్చేస్తే? మొహం చూపించనక్కర్లేనివాళ్ళకి ఒకసారి మార్చాక రెండోసారి మార్చడానికి అడ్డేముంది?

పట్టుబడి రోజు తెల్లారేసరికి మేస్త్రి జట్టు చెప్పినట్టే గట్టు మీదుంది. నేను కుర్చీలో కూర్చున్నాను, అరగంట తరవాత కూర్చోబుద్ధి కాక కర్ర పట్టుకుని నిలబడ్డాను. వల చెరువు నడిమికి వచ్చేసరికి శీలావతి చేపలు ఎగరడం మొదలుపెట్టాయి. వాటి వెనక బొచ్చెలు బరువుగా దొర్లుతున్నాయి. ఒంటికి నీచు వాసన, ఐసు చల్లదనం, లారీ పొగ. మళ్ళీ ఇన్నాళ్ళకి ఆ హడావుడి మధ్య నిలబడితే నడుం సంగతి మరిచిపోయాను. నడుములోతు నీళ్ళల్లోంచి మేస్త్రి అరిచాడు. "అమ్మగారూ, ముంబయిలో పాట మొదలైందాండీ?"

"సాయంత్రమయ్యా! నువ్వు వల చూసుకో!"

"ఈలోగా మా పాట వినండి మరి!" అన్నాడు. జట్టంతా పాట ఎత్తుకుని లాగారు.

బొడ్డులో ఫోను మోగినప్పుడల్లా ఆ మూడు వాక్యాలే అనుకుని తీశాను. ఒకసారి ఐసు బండివాడు, ఒకసారి కోడలు. మధ్యాహ్నానికి లారీలు వెళ్ళిపోయాయి, చెరువు ఖాళీ అయింది, జట్టు అన్నాలు తింటోంది. నేను ఏలూరు ఇంటికి చేరి వేణ్ణీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాక అబ్బాయి ఫోను చేశాడు. "లోపలికి వెళ్ళిందమ్మా. నేను గేటు దగ్గరున్నా."

"మొదలైందా?"

"ఇంకా లేదు."

"మొదలయ్యేదాకా పెట్టెయ్యకు."

పెట్టెయ్యలేదు. చాలాసేపటికి ఫోనులో వరద గట్టు దాటినట్టు ఒక్కసారిగా జనం హోరు వినిపించింది. "మొదలైందమ్మా," అన్నాడు. అప్పుడు పెట్టేశాను.

పిల్ల రెండు రోజుల తరవాత వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది, కళ్ళు మాత్రం దీపాల్లా ఉన్నాయి. మిరియాల పాలు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను.

"ఎలా పాడింది?"

రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. అది చాలు నాకు.

"రోజెందుకు మార్చిందో చెప్పిందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది. బొంగురు గొంతుతో, "నేనూ ఆ సంగతి మరిచిపోయాను మామ్మా. ఆవిడ రాగానే కోపం పోయింది," అంది.

"నీ కోపం పోతే పోనీ. నా కోపం నేను ముంబయి పంపలేదుగా. ఆ కంపెనీవాళ్ళకి రాయి."

"ఇప్పుడా? అంతా బాగా జరిగింది కదా!"

"బాగా జరిగింది. జరిపింది వాళ్ళు కాదు. మీ అమ్మ, మీ నాన్న, నేను, ఎండలో నన్ను నిలబెట్టి కూడా మాట తప్పని మేస్త్రి. రాయి. రోజు మార్చినప్పుడు కారణం చెప్పాలని రాయి. ఎవరు మార్చారో వాళ్ళ పేరు కింద ఉండాలని రాయి. సహనానికి కృతజ్ఞతలు చెప్పేముందు సహనం ఉందా అని అడగాలని రాయి."

పిల్ల నిట్టూర్చి ఫోను తీసింది. నేను తెలుగులో చెప్పాను, తను ఇంగ్లీషులో కొట్టింది. మధ్యలో ఏదో మెత్తగా మార్చబోతోందని అనుమానం వచ్చి, రాసింది రాసినట్టు మళ్ళీ తెలుగులో చెప్పమన్నాను. 'దయచేసి' అని రెండు చోట్ల కలిపింది. ఒకటి ఉండనిచ్చి ఒకటి తీయించాను. కింద నా పేరు పెట్టించాను, మార్చినవాళ్ళలా నేను దాక్కోను. పంపించమన్నాను. నా కళ్ళెదుటే నొక్కింది.